ఆపలేని ఊట

శేషారత్నం మగ్గం దిగడం లేదని విని మొట్టమొదట సంబరపడినవాడు ఆమె తమ్ముడు భావనారాయణే. ఆ సంబరం గుర్తొస్తే ఇప్పటికీ అతను సిగ్గుతో చితికిపోతాడు.

మూడేళ్ల కిందటి దాకా ఆమె గంటసేపు కూర్చుంటే చాలు, పాదాలు మొద్దుబారి, కళ్లు మసకలు కమ్మి, గోడ పట్టుకుని లేచిపోయేది. పదకొండేళ్ల చక్కెర జబ్బు. కుడికాలి బొటనవేలు అప్పటికే తీసేశారు. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దున్నే గుంట మగ్గంలోకి దిగి, అన్నానికి కూడా లేవకుండా నేస్తోందని చీరాల పక్కన ఆ నేతగాళ్ల వీధంతా చెప్పుకుంటుంటే, మందు పనిచేసిందనడానికి వేరే సాక్ష్యం ఎందుకు? ఆ మందు కనిపెట్టినవాడు భావనారాయణ. మొదటి సీసాల్లో ఒకటి అక్కకు తన చేత్తోనే తాగించాడు.

దాని పేరు ఊట. వేలెడంత గాజు సీసాలో కాస్త ఉప్పగా ఉండే నీళ్లు, అంతే. తాగించిన రోజు అక్క మొహం వికారంగా పెట్టి, రోజూ ఇది తాగాల్సిందేనా అని అడిగింది. రేపు లేదు, ఎల్లుండీ లేదు, జన్మకి ఒక్కసారే అని చెప్పాడతను. ఆ నీళ్లలో ఉన్నది పేగు లోపలి కణాల్లోకి చేరుతుంది. ఆ తర్వాత తిన్న తిండి పేగుకి తగిలినప్పుడల్లా, చక్కెరను అదుపులో పెట్టే హార్మోను ఆ కణాల్లోంచే ఊరుతుంది. మాత్ర అక్కర్లేదు, సూది అక్కర్లేదు. నలభయ్యో రోజుకి ఆమె చక్కెర నూటపదికి దిగింది. ఆ మధ్యాహ్నం శేషారత్నం పదకొండేళ్ల తర్వాత మారు అన్నం పెట్టించుకుని, కంట తడి పెట్టుకుంటూ తిన్నది.

ఆమె మొగుడు గోపయ్యకీ చక్కెర జబ్బే. అతను మాత్రం ఊట తాగనన్నాడు. పడకపోతే మర్నాడు మానేసే వీలున్న మందే మందు, మానే వీలు లేనిది నా గొంతులో పొయ్యొద్దు అని భీష్మించుకుని పాత మాత్రలే మింగుతూ వచ్చాడు. చదువుకున్న బావమరిదిని ఆటపట్టించడానికి అంటున్నాడులే అనుకున్నారు అందరూ. భావనారాయణ కూడా నవ్వేసి ఊరుకున్నాడు.

నిజానికి మానే వీలు మొదట్లో ఉండేది. అతని పరిశోధనశాల బాపట్ల రోడ్డు మీద జీడిమామిడి తోటల మధ్య ఉంది. అక్కడ తొలి ఏడాది ఎలుకలకు పట్టిన ఊటలో ఒక తాళం పెట్టారు. చిన్న మాత్ర ఒకటి వేస్తే పేగులో ఊరడం ఆగిపోవాలి. చిక్కేమిటంటే, సగం ఎలుకల్లో మాత్ర వెయ్యకుండానే తాళం దానంతటది పడిపోయేది. నాలుగో నెలకల్లా చక్కెర మళ్లీ ఎగబాకేది. దాన్ని బాగుచెయ్యాలంటే ఇంకో రెండేళ్లు పడుతుంది. అక్కకి అప్పటికే రెండో వేలు నల్లబడుతోంది. ఒక సోమవారం సమావేశంలో, తాళం తీసేద్దామన్నవాడు భావనారాయణే. జబ్బు నయమైనవాడెవడైనా నా జబ్బు నాకిచ్చెయ్యండని అడుగుతాడా అన్నాడు. అందరూ నవ్వారు. ల్యాబ్ పెద్ద డాక్టర్ మందాకిని నవ్వలేదు గానీ, కాగితం మీద సంతకం పెట్టింది.

మనుషుల మీద పరీక్ష రెండువేల మందితో మొదలైంది. అందులో మూడొందల మంది నేతగాళ్లు. వారం వారం ఫోను చేసి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవాలి. ఇక్కడే భావనారాయణ తన తెలివికి తనే మురిసిపోయిన పని ఒకటి చేశాడు. మావాళ్లని నొప్పి ఉందా అని అడిగితే ప్రాణం మీదికొచ్చినా లేదనే అంటారు, పని మానేశారా అని అడగండి, నేతగాడు మగ్గం దిగాడంటే నిజంగా మంచాన పడ్డట్టే అని చెప్పి, ప్రశ్నని అలాగే రాయించాడు. అతనికి తెలిసిన సంగతే అది. వాళ్ల నాన్న చలిజ్వరంతో వణుకుతూ నేశాడు. అమ్మ నెలలు నిండాక కూడా నేసింది. ఏడాదిన్నర పాటు ఆ మూడొందల ఇళ్ల నుంచీ పని మానలేదండి అన్న జవాబే వచ్చింది. ఊటకు అనుమతి దొరికింది. మరో ఏడాదిన్నరలో పదకొండు లక్షల మంది తాగారు. పాత మాత్రలు అడిగేవాళ్లు లేక, వాటిని తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి.

అక్క మగ్గం దిగడం లేదన్న మాట విన్న వారానికి, ఒక ఆదివారం మధ్యాహ్నం అతను చూడ్డానికి వచ్చాడు. గోపయ్య వాకిట్లోనే ఎదురై, మీ అక్క నిన్నటి నుంచీ గుంటలోనే ఉంది, మంచినీళ్లు కూడా అక్కడికే ఇస్తున్నానని చెప్పాడు. అతని గొంతులో వీధి జనానికున్న గర్వం లేదు.

శేషారత్నం గుంటలోకి కాళ్లు దించి, నేసిన బట్ట చుట్టే కర్ర మీద పొట్ట ఆన్చి, ముందుకు వంగి కూర్చుంది. దారం మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. పైన ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది. కాసేపు ఆపి, గోడకి ఆనుకుని కూర్చో, మాట్లాడుకుందామన్నాడతను. ఆమె చెప్పినట్టే వెనక్కి ఆనింది. మరుక్షణం మొహం పాలిపోయింది. పళ్లు బిగించి మళ్లీ ముందుకు వంగి, బట్ట మీద నుదురు పెట్టుకుంది.

“ఇట్టా వంగితే ఉండదురా,” అంది కాసేపటికి. “ఈడ, పైకడుపులో మొదలై ఈపులోకి దిగుద్ది. మగ్గం మీద కూకుంటే సర్దుకుంటది. అందుకే దిగబుద్ధి కాదు.”

ఎప్పటి నుంచని అడిగాడు. పరీక్ష జరుగుతున్న రోజుల్లోనే, శ్రావణంలో ఒకసారి వచ్చిందట. గ్యాసనుకుని వాము నీళ్లు తాగి మగ్గమెక్కితే రెండు రోజులకి తగ్గింది. తర్వాత నెలకోసారి, ఈమధ్య వారానికోసారి. మరి ఫోనులో ఎందుకు చెప్పలేదంటే ఆమె వింతగా చూసింది. పని మానేశావా అని అడిగారు, మానలేదన్నాను, ఇంకా నాలుగు బారలు ఎక్కువే నేస్తన్నా గదా అంది.

భావనారాయణ గుంట గట్టు మీదే కూలబడ్డాడు. పరిశోధనలోకి రాకముందు అతను చదివింది వైద్యమే. ముందుకు వంగితే నెమ్మదించే నొప్పి ఏమిటో ఆ చదువులో తొలి ఏళ్లలోనే చెబుతారు. క్లోమగ్రంథి వాచి, తన రసంలో తనే ఉడికిపోతున్నప్పుడు వచ్చే నొప్పి అది. లోకంలో ఏ పనివాడైనా దానికి పని వదిలి మంచమెక్కుతాడు. నేతగాడు మాత్రం పనిలోకి దిగుతాడు, ఎందుకంటే అతని పనే ముందుకు వంగి కూర్చోవడం. తన వాళ్లని తనకన్నా ఎరిగినవాడు లేడనుకుని రాయించిన ఆ ఒక్క ప్రశ్నా, పట్టుకోవాల్సిన ఒక్క నొప్పినీ ఏడాదిన్నర పాటు జారవిడిచింది.

సాయంత్రానికి గుంటూరులో ఆస్పత్రికి చేర్చారు. ఆ గ్రంథి వాపుని చూపించే రక్తపరీక్షలో, అరవై దాటకూడని అంకె మూడువేల దగ్గర ఉంది. అక్కడి డాక్టరు కుర్రవాడైనా నిదానస్తుడు. కంగారు పడొద్దు, చక్కెర మందుల వల్ల అరుదుగా ఇలా అవుతుంటుంది, మందు ఆపేసి నాలుగు రోజులు కడుపు మాడిస్తే గ్రంథి దానంతటదే చల్లబడుతుందని చెప్పి, ఏ మందు వాడుతున్నారో రాసుకోవడానికి కలం తీశాడు. భావనారాయణ ఊట అన్నాడు. కలం ఆగిపోయింది. ఆ కుర్రవాడు కాగితం మీంచి తల ఎత్తలేదు.

కడుపు మాడ్చినన్నాళ్లూ శేషారత్నం తేరుకుంది. ఆరో రోజు గంజినీళ్లు పట్టారు. గంజి పేగుకి తగలగానే ఊట ఊరింది, ఊరగానే నొప్పి లేచింది. పదో రోజు మళ్లీ పట్టారు, మళ్లీ అంతే. ఆమె బతకాలంటే నోటితో ఇంక ఏమీ తినకూడదని తేలిపోయింది. ఛాతీ దగ్గర నరంలోకి గొట్టం అమర్చి, సంచుల్లో వచ్చే ఆహారాన్ని రక్తంలోకే ఎక్కించే ఏర్పాటు చేసి ఇంటికి పంపించారు.

అక్కడి నుంచి భావనారాయణ బతుకు రెండు గదుల మధ్య నలిగిపోయింది. ఒకటి ల్యాబు, రెండోది అక్క పడుకున్న మగ్గం గది. పొద్దున ల్యాబులో, తీసి పారేసిన తాళాన్ని మళ్లీ చెయ్యడానికి కూర్చునేవాడు. మామూలుగా మందు ఆపితే నయమయ్యే జబ్బుకి ఆపడం ఎలాగో వెతుక్కుంటున్నాడు. కోసి తీసెయ్యడానికి వీల్లేదు, ఇరవై అడుగుల పేగంతా అలుముకుని ఉంది. గిన్నెలో పెంచిన పేగు ముక్క మీద మూడో తాళం పనిచేసింది. అందరూ అతని భుజం తట్టారు. ఎనిమిది ఎలుకలకు ఎక్కించారు. ఊటతో పాటు పేగు లోపలి పొర కూడా ఊడొచ్చి వారం తిరక్కుండా ఆరు చచ్చిపోయాయి. మిగిలిన రెంటిలో పన్నెండో రోజుకి మళ్లీ ఊరడం మొదలైంది. పదమూడో రోజు అతను ఆ బోనుల ముందు నిలబడి, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా ఏడ్చాడు.

సాయంత్రం మగ్గం గదికి వెళితే అక్కడ తిరగమోత వాసన లేదు. వాసన తగిలినా ఆమె కడుపులో రసాలు కదులుతాయని గోపయ్య వంట మానేశాడు. ఇరుగుపొరుగు ఇచ్చిన చద్దన్నంలో మజ్జిగ పోసుకుని పెరట్లో నిలబడి తినేవాడు. పక్కింటివాళ్లు చేపల పులుసు పెట్టుకున్న రోజు అక్క కిటికీ మూయించి, ఆ వైపు గోడకేసి చూస్తూ పడుకునేది. ఒకసారి తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, మారు అన్నం పెట్టించుకున్న రోజు గుర్తుందా, దాని రుచి నోట్లోకి రావడం లేదురా అంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మిగతా నేతగాళ్ల ఇళ్లకి అతనే స్వయంగా తిరిగాడు. ఈసారి ప్రశ్న మార్చి, మగ్గం మీద మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చుంటున్నారా అని అడిగాడు. ఒక ఇంట్లో భార్య లోపలికెళ్లి మొగుడి ఫొటో తెచ్చి చూపించింది. మగ్గం మీదే వాలి ప్రాణం విడిచాడు, గుండెపోటన్నారు, పోయే ముందు మూడు రోజులు పూనకం వచ్చినట్టు నేశాడని చెప్పింది. పని చేస్తూ పోయాడని వాళ్లు దాన్ని పుణ్యంగా చెప్పుకుంటున్నారు. అది పుణ్యం కాదని చెప్పకుండానే అతను ఆ పేరు కాగితం మీద రాసుకున్నాడు.

అక్కతో కలిపి రెండువేల మందిలో ఇద్దరు. వెయ్యికి ఒకరు. పదకొండు లక్షల్లో పదకొండు వందలు. ఆ మాటే మందాకినికి చెప్పి, నివేదిక తను రాస్తానన్నాడు. దాచిపెడదామంటుందేమో, పోట్లాడదామని మనసులో సిద్ధపడే వెళ్లాడు. ఆమె దాచమనలేదు. అల్మరాలోంచి ఇంకో నివేదిక తీసి అతని ముందు పెట్టింది. ఊట వచ్చాక గుంటూరు, బాపట్ల జిల్లాల్లో కాళ్లు తీసేయాల్సి వచ్చినవాళ్లు నూటికి ఎనభై వంతులు తగ్గారు. చూపు పోయినవాళ్లు, కిడ్నీలు పాడైనవాళ్లు కూడా అలాగే తగ్గారు.

“ఊట ఆపెయ్యమని రాస్తారా, నారాయణ గారూ?” అని అడిగింది. “రాయండి. మీ పక్కన నేనూ సంతకం పెడతాను. కానీ దీన్ని చదివి, ఆ తర్వాత రాయండి.”

అతను చదివాడు. మూడు రోజులు చదివాడు. ఆమె విలన్ అయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. చివరికి అతను రాసిన నివేదికలో ఆపమని లేదు. ఇప్పుడు ప్రతి సీసాతో పాటు వచ్చే కాగితంలో అడుగున ఒక వాక్యం ఉంటుంది. అరుదుగా క్లోమగ్రంథి వాపు రావచ్చు అని. ఆ వాక్యం అతనిదే. అరుదు అన్న మాట టైపు చేస్తున్నప్పుడు అతనికి అక్క చెమట పట్టిన వీపు కనబడింది. అయినా అది అబద్ధం కాదు, అదే అతన్ని చంపుతోంది.

మాఘంలో గోపయ్య మాత్రలు అయిపోయాయి. విజయవాడ దాకా వెళ్లి వెతికినా దొరకలేదు. సూదిమందు తయారవుతున్న కాస్తా, అది లేకపోతే బతకని చిన్నపిల్లలకే చాలడం లేదు. నెల తిరిగేసరికి అతని చక్కెర నాలుగొందలకి చేరింది, చూపు మసకబారింది. వెంట్రుక లాంటి పడుగు దారాన్ని తెగినచోట చిటికెలో ముడేసే చెయ్యి అతనిది. ఆ చేత్తోనే రోజూ భార్య ఛాతీ మీది గొట్టానికి ఆహారం సంచి తగిలిస్తున్నాడు. ఒక ఉదయం గొట్టం మూతి కనబడక తడుముకుంటుంటే అది దుప్పటికి తగిలింది. అతనికి తెలియలేదు, అలాగే తగిలించేశాడు. మర్నాటికి శేషారత్నానికి నూటనాలుగు జ్వరం. వారం రోజులు ఆస్పత్రిలో పెట్టి గండం గట్టెక్కించారు. ఇంకోసారి ఇలా జరిగితే తట్టుకోదని చెప్పి పంపారు.

తిరిగొచ్చిన మర్నాడు గోపయ్య బావమరిదికి కబురు పెట్టాడు. ఒక సీసా తెమ్మన్నాడు.

భావనారాయణ సీసా జేబులో పెట్టుకుని వచ్చాడు గానీ బయటికి తియ్యలేకపోయాడు. నర్సుని పెడతానన్నాడు. ఆమె గంటసేపు వచ్చి పోతుంది, మిగతా ఇరవైమూడు గంటలూ చూసుకోవాల్సింది నేనే గదా అన్నాడు గోపయ్య. నువ్వే అన్నావు గదా బావా, మానే వీలు లేనిది తాగనని గుర్తుచేశాడు భావనారాయణ. అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను, కానీ మానే వీలున్నదేదీ నువ్వు అంగట్లో మిగల్చలేదన్నాడు గోపయ్య. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే భావనారాయణ తట్టుకునేవాడే.

మంచం మీంచి శేషారత్నం ఇదంతా వింటోంది. లేవడానికి ఓపిక లేక మోచేతి మీద కాస్త పైకి జరిగింది.

“వాడి మందు ఇంకో మనిషి తాగొద్దు ఈ ఇంట్లో,” అంది. “నేను చాలనా?”

ఇన్నాళ్లలో ఆమె తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. వాడి మందు అని కూడా ఎప్పుడూ అనలేదు. ఎవరడిగినా మా మందు, మా నారాయణ చేసిన మందు అని చెప్పుకునేది. గోపయ్య వెళ్లి మంచం పక్కన కూర్చుని, వెయ్యికి ఒకరే అంటన్నారు గదా, ఆ ఒకరు మనింట్లో అయిపోయారు, ఇంక నాకేం కాదులేవే అని బుజ్జగించాడు. లెక్కలు అలా ఉండవని, ఆమెకి వచ్చినంత మాత్రాన అతనికి రాకుండా పోదని భావనారాయణకి తెలుసు. చెబితే మటుకు ఇంకో దారి చూపించాలి గదా. సీసా మూత తీసి తనే అందించాడు. గోపయ్య ఒక్క గుక్కలో తాగి, ఉప్పగా ఉంది అన్నాడు. శేషారత్నం గోడవైపు తిరిగి పడుకుంది.

నలభై రోజులకి గోపయ్య చూపు తేటపడింది. గొట్టం మూతి ఎంత చిన్నదైనా ఇప్పుడు తడుముకోనక్కర్లేదు. కానీ ఆమె గ్రంథి అప్పటికే సగానికి పైగా చివికిపోయింది. నోట్లోకి చుక్క నీరు పోకపోయినా నొప్పి రావడం మొదలైంది. చివరి వారం మగ్గంలో కూర్చోబెట్టమని అడిగింది. బావా బావమరిదీ చెరోవైపు పట్టుకుని గుంటలోకి దించారు. కాళ్లకి తొక్కుడు కర్ర నొక్కే బలం లేదు. ఉత్తినే బట్ట మీదికి వంగి, చెంప ఆనించుకుని గంటసేపు ఉంది. రెండు రోజుల తర్వాత, పొద్దున పదింటికి, గోపయ్య సంచి మారుస్తుండగానే పోయింది. అతని చెయ్యి తప్పలేదు. అన్నీ సరిగ్గా చేశాడు.

పెద్దకర్మ అయ్యాక భావనారాయణ ల్యాబుకి వెళ్లడం మొదలుపెట్టాడు. నాలుగో తాళం మీద పని నడుస్తోంది. అది పనిచేస్తుందని అతను నమ్మడం లేదు, మందాకినీ నమ్మడం లేదు. పదకొండు లక్షలు ఇప్పుడు పధ్నాలుగు లక్షలయ్యాయి. రోజూ సాయంత్రం మాత్రం అతను నేతగాళ్ల వీధిలోకి వస్తాడు. గోపయ్య ఇప్పుడు మగ్గం మీద ఉంటున్నాడు. చూపు బాగుంది, చక్కెర నూటపది. వీధిలో వాళ్లు, పెళ్లాం పోయిన దిగులు పనిలో మరిచిపోతున్నాడు, ఒక్క క్షణం మగ్గం దిగడని మెచ్చుకుంటున్నారు.

భావనారాయణ గుమ్మంలో నిలబడి, ముందుకు వంగి ఉన్న ఆ వీపుని చూస్తాడు. నేత వల్ల వంగిందా, మరో దానివల్ల వంగిందా? చూసి చెప్పడం అతని వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. చక్కెర చూడ్డానికి వేలు గుచ్చనిస్తాడు గానీ, గ్రంథి పరీక్షకి రక్తం ఇమ్మంటే గోపయ్య ఇవ్వడు.

“కడుపులో ఏమన్నా నొప్పిగా ఉందా, బావా?”

గోపయ్య నాడె ఆపాడు గానీ తల తిప్పలేదు.

“ఉందే అనుకో,” అన్నాడు నెమ్మదిగా. “చెబితే నువ్వు చేసేదేముంది, నారాయణా?”

నాడె మళ్లీ కదిలింది. భావనారాయణ చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లి అదే అడిగాడు.